ఈస్టర్ వంట శనివారమే ముప్పావు వంతు అయిపోవాలి

ఈస్టర్‌కి ఏం వండాలి అని ఆలోచించే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ రోజు ఇంట్లోవాళ్ళు ఎన్నింటికి లేస్తారు? సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో సూర్యోదయ ఆరాధన ఉంటుంది. అయిదింటికల్లా చర్చి ఆవరణలో ఉండాలంటే మూడున్నరకే లేవాలి. తెలుగు ఆరాధన కోసం బెంగళూరు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళేవాళ్ళు ఇంకా ముందే లేవాలి. ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ళకు శనివారం రాత్రి జాగరణ పూజ. అది ముగించుకుని ఇల్లు చేరేసరికి చాలాచోట్ల అర్ధరాత్రి దాటిపోతుంది. ఏ సంఘమైనా సరే, ఆదివారం పొద్దున పొయ్యి ముందు నిలబడేది సరిగ్గా నిద్రపోని మనిషి. ఆ మనిషి ఎనిమిదింటికి ఉల్లిపాయలు తరగడం మొదలుపెడితే భోజనం మూడింటికి. అప్పటికి పిల్లలు బిస్కెట్లతో కడుపు నింపుకుని ఉంటారు, పెద్దవాళ్ళు సోఫాలో కునుకు తీస్తుంటారు.

అందుకని ఈస్టర్ మెనూ వంటకాల పేర్లతో మొదలవ్వకూడదు. ఆదివారం ఏయే పని తప్పదు, శనివారమే ఏవి ముగించొచ్చు అన్న లెక్కతో మొదలవ్వాలి. అన్నం, వేపుడు ఆదివారం తప్పవు. మాంసం, తీపి, పచ్చళ్ళ ముడిసరుకు, గుడ్లు అన్నీ శనివారానివే. ఈ ఒక్క లెక్క పాటిస్తే పన్నెండు మందికి ఇద్దరు మనుషులు, మూడు బర్నర్ల పొయ్యి చాలు.

ఇక్కడ క్రిస్మస్‌కి లేని చిక్కు ఒకటి ఉంది. ఈస్టర్ ముందు లెంట్ అనే శ్రమల కాలంలో నలభై రోజులు మాంసం మానినవాళ్ళు శనివారం మటన్ వండుతారు కానీ రుచి చూడరు. ఉప్పు తగ్గిందో ఎక్కిందో తెలిసేది ఆదివారమే. కాబట్టి ఈ ఒక్క పూట చేత్తో అందాజుగా వేసే అలవాటు పక్కనపెట్టి, ఉప్పు తూచి వెయ్యండి. చిన్న డిజిటల్ త్రాసు ఉంటే అదే చాలు. కింద ఉప్పు లెక్క గ్రాముల్లో చెప్పింది అందుకే.

ఇక తేదీ సంగతి. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. అందుకే మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఎక్కడైనా పడుతుంది. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. వంటింటికి దీనితో పనేమిటంటే, పండ్లు. మార్చి చివర్లో వస్తే ద్రాక్ష, పుచ్చకాయలే దిక్కు. ఏప్రిల్ మూడో వారంలో వస్తే మొదటి మామిడిపళ్ళు కనిపిస్తాయి గానీ వాటిని నమ్ముకుని తీపి నిర్ణయించకండి, తొలి కాపు చాలాసార్లు చప్పగా ఉంటుంది. పచ్చి మామిడికాయ మాత్రం ఎప్పుడు వచ్చినా దొరుకుతుంది.

చంద్రుడితో ఇంకో ముడి కూడా ఉంది. చైత్ర శుద్ధ నవమి శ్రీరామనవమి, త్రయోదశి మహావీర జయంతి. ఆ రెండు రోజులూ బెంగళూరులో మాంసం అమ్మకం ఆపమని నగరపాలక ఉత్తర్వు వస్తుంటుంది. ఈస్టర్ లెక్కకు వచ్చేది ఆ చైత్ర పౌర్ణమే అయిన ఏడాది, మహావీర జయంతి సరిగ్గా ఈస్టర్ ముందు వారమైన శ్రమల వారంలో పడొచ్చు. 2026లో అంతే. వారం మధ్యలో ఆర్డరు చెబుదామని వెళ్తే దుకాణం మూసి ఉంటుంది. ఈస్టర్‌కి సరిగ్గా వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడే చెప్పేయండి, సరుకు మాత్రం శనివారం పొద్దున తీసుకోండి.

ఆర్డరు చెప్పేటప్పుడు మేకా, గొర్రా అని అడగాలి. బెంగళూరులో మటన్ అంటే చాలా దుకాణాల్లో గొర్రెమాంసం. మండ్య వైపు నుంచి వచ్చే బన్నూరు గొర్రెకి మంచి పేరుంది. మాంసం మెత్తన, కొవ్వు ఎక్కువ. మేకమాంసానికి అలవాటుపడ్డ మన కూర కొలతలతో దాన్ని వండితే పైన వేలెడు నూనె తేలుతుంది. గొర్రె అయితే బయటి కొవ్వు తీయించి, కూరలో నూనె మూడోవంతు తగ్గించండి. పన్నెండు మందికి ఎముకతో కలిపి రెండున్నర కిలోలు. సగం తొడ, మిగతాది ముంజేయి, పక్కటెముకలు, ఓ ఆరు నల్లి ముక్కలు. ముక్క కాస్త పెద్దదిగా, నలభై గ్రాముల దాకా కొట్టించండి. మామూలు కూరముక్క సైజులో కొట్టిస్తే రెండోసారి వేడిచేసేటప్పుడు విరిగి పీచైపోతుంది.

శివాజీనగర్ రసెల్ మార్కెట్ 1927లో కట్టినది. మాంసం, కూరలు, పండ్లు ఒకేచోట అయిపోతాయి. పక్కనే సెయింట్ మేరీస్ బసిలికా. శ్రమల వారమంతా ఆ వీధుల్లో జనం కిటకిటలాడుతుంటారు కాబట్టి శనివారం ఏడింటిలోపు వెళ్ళి వచ్చేయడం మేలు.

పన్నెండు మందికి నేను చెప్పే మెనూ ఇది: కొబ్బరి పాల పులావ్, గోంగూర మటన్, కోడి వేపుడు, గుత్తి వంకాయ, పెరుగు చట్నీ, కాస్త తెల్లన్నం, మిరియాల చారు, చివర్లో కారామెల్ పుడ్డింగ్. బిర్యానీ ఎందుకు కాదంటే, దమ్ బిర్యానీకి మాంసం, అన్నం రెండూ ఒకే గిన్నెలో ఒకే సమయానికి కుదరాలి, తప్పితే దిద్దుకునే దారి లేదు. నిద్రలేని రోజున ఆ పందెం వద్దు. పులావ్, కూర విడివిడిగా ఉంటే ఒకటి చెడినా రెండోది నిలబడుతుంది. పైగా కొబ్బరి పాల కమ్మదనం పక్కన గోంగూర పులుపు పడితే ఒకదానికొకటి తోడు. పులావ్‌లో కొబ్బరి, కూరలో కొబ్బరి, వేపుడులో కొబ్బరి కోరు అన్నట్టు చేస్తే నాలుగో ముద్దకే మొహం మొత్తుతుంది.

మిరియాల చారు తీసెయ్యొద్దు. నలభై రోజులు పప్పు, కూరగాయలతో గడిపిన కడుపుకి ఒక్కసారిగా మటన్, నెయ్యి, పుడ్డింగ్ పడితే సాయంత్రానికి అవస్థే. చివర్లో రెండు ముద్దలు చారన్నం, ఓ గ్లాసు మజ్జిగ పడితే తేలిగ్గా ఉంటుంది. మనిషికి రెండువందల గ్రాముల మటన్ చాలన్నదీ అందుకే. మాంసం కూరలు నాలుగు రకాలు పెట్టినంత మాత్రాన పండగ పెద్దదవదు.

ఇప్పుడు శనివారం. గోంగూర మటన్‌కి కీలకమైన పని గోంగూరలో లేదు, ఉల్లిపాయలో ఉంది. మాంసానికి 25 గ్రాముల ఉప్పు (సమంగా గీసిన టేబుల్ స్పూను ఒకటిన్నర కంటే కాస్త తక్కువ), రెండు చెంచాల పసుపు, 60 గ్రాముల అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు టేబుల్ స్పూన్ల కారం పట్టించి రెండు గంటలు ఉంచండి. బొప్పాయి ముద్ద వద్దు. అది ఎక్కువసేపు ఉంటే మాంసం పైపైన పిండిలా అయిపోతుంది, లోపల మాత్రం మామూలుగానే ఉంటుంది.

వెడల్పాటి అడుగు మందపు గిన్నెలో 200 మిల్లీలీటర్ల నూనె కాగాక నాలుగు దాల్చిన చెక్క ముక్కలు, పది లవంగాలు, ఎనిమిది యాలకులు వేసి, సన్నగా పొడుగ్గా తరిగిన ముప్పావు కిలో ఉల్లిపాయలు వెయ్యండి. మొదటి ఎనిమిది, పది నిమిషాల్లో అవి మెత్తబడి, అద్దంలా మెరుస్తూ, వేగినట్టే కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అప్పటికి పోయింది పైనీరే. ఇంకో పన్నెండు నిమిషాలు మధ్యస్థం మంట మీద కలుపుతూ ఉంటే గిన్నెలో చప్పుడు మారుతుంది. ముందు బుసబుసమని ఆవిరి శబ్దం, తర్వాత సన్నగా చిటపట. అంచులు ముదురు గోధుమ రంగుకి తిరిగి, కుప్ప మూడోవంతుకి తగ్గి, పక్కకి నెడితే నూనె విడిగా జారుతుంది. అదీ ఆగాల్సిన చోటు. అక్కడికి రాకుండా మాంసం వేస్తే కూర ఎంత మరిగినా రసం పల్చగా, ఉల్లి తీపి పైకి కొడుతూ ఉంటుంది. గోంగూర వేశాక ఆ తీపి, పులుపు కలిసి మరీ ఎబ్బెట్టుగా ఉంటాయి.

తర్వాత మరో 60 గ్రాముల అల్లం వెల్లుల్లి వేసి పచ్చివాసన పోయాక మాంసం వేసి, పెద్ద మంట మీద పది పన్నెండు నిమిషాలు. నీరు ఊరుతుంది, ఆ నీరు మళ్ళీ ఇగిరి నూనె కనిపించాలి. అప్పుడు మూడు టేబుల్ స్పూన్ల కారం, నాలుగు ధనియాల పొడి, 15 గ్రాముల ఉప్పు. టమాటా వద్దు, పులుపుకి గోంగూర ఉంది. అర లీటరు వేడినీళ్ళు పోసి మొత్తం కుక్కర్‌లోకి మార్చండి. కుక్కర్ మూడింట రెండు వంతులకు మించి నిండకూడదు. ఏడున్నర లీటర్లది సరిపోతుంది. పెద్ద మంట మీద ఒక కూత రాగానే సన్నటి సెగకి తగ్గించి, లేత మేకైతే పదిహేను నిమిషాలు, గొర్రైతే పన్నెండు. ఆవిరి దానంతటదే దిగాలి. బరువు ఎత్తి ఆవిరి వదిలేస్తే లోపల రసం ఒక్కసారిగా పొంగి ముక్కలు చిట్లుతాయి. మూత తీశాక ముక్క నొక్కితే లొంగాలి గానీ ఎముక ఊడి రాకూడదు. మిగతా ఉడుకు ఆదివారం వేడిచేసేటప్పుడు అయిపోతుంది.

గోంగూర విడిగా. పుల్ల వలిచాక ఆకు అర కిలో ఉండాలి. కట్టలు లెక్కపెట్టొద్దు, బెంగళూరులో ఒక్కో బజారులో ఒక్కో సైజు. కన్నడం మాట్లాడే దుకాణంలో పుండి సొప్పు అనండి, తమిళవాళ్ళ దగ్గరైతే పుళిచ్చ కీరై. ఎర్ర కాడ గోంగూరకి పులుపు ఎక్కువ, అది దొరికితే నాలుగువందల గ్రాములు చాలు. మూడు నీళ్ళలో కడిగి, బట్ట మీద ఆరబెట్టి, నాలుగు టేబుల్ స్పూన్ల నూనెలో పది పచ్చిమిరపకాయలతో కలిపి మగ్గించండి. ఆకుపచ్చ పోయి మట్టి రంగుకి తిరిగి, నీరంతా ఇగిరిపోయే దాకా పదిహేను నిమిషాలు. స్టీలు గిన్నెలోనే చెయ్యాలి. అల్యూమినియంలో చేస్తే పులుపుకి లోహం వాసన పట్టేస్తుంది. దీన్ని శనివారం మటన్‌లో కలపొద్దు. కలిపితే పులుపు ఎంతుందో తెలియకుండానే కూర చేయి దాటిపోతుంది. ఉపవాసంలో ఉన్నా గోంగూర రుచి చూడొచ్చు కదా, దాని పులుపు శనివారమే తెలుసుకుని ఉంచుకోండి.

కూర చల్లార్చడం దగ్గర ఎక్కువమంది పొరపాటు చేస్తారు. ఏప్రిల్‌లో బెంగళూరు పగలు ముప్పై దాటి ఎండ కాస్తుంది. కుక్కర్‌తో సహా రాత్రంతా పొయ్యి మీద వదిలేస్తే పాడవుతుంది. వేడివేడి కుక్కర్‌ని అలాగే ఫ్రిజ్‌లో పెట్టినా నడుమ భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది, పక్కనున్న పాలు కూడా విరుగుతాయి. రెండు వెడల్పాటి స్టీలు బేసిన్లలోకి పంచి, సింకులో చన్నీళ్ళు నింపి అందులో ఆ బేసిన్లు నిలబెట్టి, మధ్యమధ్య కలుపుతూ ఉంటే అరగంట, ముప్పావుగంటలో చల్లబడుతుంది. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో ఉండాలి. పొద్దున తీసేసరికి ఎర్రటి కొవ్వు పైన పెచ్చులా గడ్డకట్టి ఉంటుంది. సగం చెంచాతో ఎత్తి ఓ గిన్నెలో పెట్టుకోండి, కోడి వేపుడికి అంతకంటే మంచి నూనె లేదు.

ఫ్రిజ్‌లో చోటు కూడా ముందే లెక్కేసుకోవాలి. మటన్ బేసిన్లు రెండు, పుడ్డింగ్ గిన్నెలు రెండు, ఉప్పు పసుపు పట్టించిన కోడి, పెరుగు, గుడ్లు. మామూలు ఇంటి ఫ్రిజ్ ఇంతటితో నిండిపోతుంది. శుక్రవారమే పాత పచ్చళ్ళ సీసాలు, సగం వాడిన డబ్బాలు ఖాళీ చేసేయండి. రెండో సిలిండర్ నిండుగా ఉందో లేదో కూడా ఆ రోజే చూసుకోవాలి.

పుడ్డింగ్ శనివారం చెయ్యడానికే పుట్టిన తీపి. తడి లేని గిన్నెలో 150 గ్రాముల చక్కెర కరిగించి తేనె రంగు దాటి రాగి రంగుకి రాగానే రెండు గిన్నెల అడుగున పొయ్యండి. ఇంకో అర నిమిషం ఆగితే చేదు. లీటరు పాలు గోరువెచ్చగా చేసి 180 గ్రాముల చక్కెర కరిగించి, ఎనిమిది గుడ్లు నురగ రాకుండా కలిపి, పాలలో పోసి వడకట్టండి. గిన్నెలకు మూత పెట్టి, ఇడ్లీ పాత్రలో నీళ్ళు సన్నగా కదిలేంత సెగ మీద ముప్పై అయిదు నిమిషాలు. నీళ్ళు తెర్లితే పుడ్డింగ్‌లో తేనెతుట్టెలా బొరియలు పడతాయి, కోస్తే నీరు కారుతుంది. పాత్ర మూత కింద బట్ట కట్టండి, ఆవిరి చుక్కలు పడవు. గిన్నె కదిపితే నడుమ రూపాయి బిళ్ళంత చోటు వణకాలి, అంచులు గట్టిగా ఉండాలి. అప్పుడే దించేయండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే అడుగున గడ్డకట్టిన పాకం కరిగి, ఆదివారం తిరగేయగానే తనంతట తనే జారి వస్తుంది. అదే రోజు చేసి తిరగేస్తే పాకం సగం గిన్నెకే అంటుకుంటుంది. గుడ్డు తినని అతిథులకు సేమియా పాయసం చేస్తే, వడ్డించే ముందు కలపడానికి అర లీటరు కాచిన పాలు విడిగా ఉంచండి. సేమియా నిలవ ఉన్నకొద్దీ పాలు పీల్చి ముద్దవుతుంది.

గుడ్ల గురించి ఒక మాట. యూరప్ చర్చిల్లో ఒకప్పుడు లెంట్‌లో మాంసంతోపాటు గుడ్లు కూడా నిషేధం. కోళ్ళు పెట్టడం ఆగదు కదా, నలభై రోజుల గుడ్లు పోగుపడేవి. ఈస్టర్ నాడు గుడ్డు పంచడం వెనక ఆ సంగతి ఉంది. పగిలే పెంకుని తెరుచుకున్న సమాధికి గుర్తుగా చూడటం దానికి తోడైంది. ఆర్థడాక్స్ ఇళ్ళల్లో గుడ్డుకి ఎర్ర రంగే వేస్తారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా. ఆ ఎరుపు మన వంటింట్లోనే ఉంది: ఉల్లిపొట్టు.

కూరకి, పులావ్‌కి, చట్నీకి కలిపి కిలోన్నర ఉల్లిపాయలు తరుగుతారు. ఆ పొట్టంతా ఒక లీటరు నీళ్ళలో అరగంట మరిగించి వడకట్టి చల్లార్చి, రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్ కలపండి. వెనిగర్ పెంకుని కాస్త గరుకు చేస్తుంది, రంగు పట్టేది అందుకే. ఎక్కువ పోస్తే పెంకు మీద గుంటలు పడతాయి. తెల్ల గుడ్లే తీసుకోవాలి, నాటుకోడి గుడ్ల మీద రంగు తేలదు. ఉడికించాక ఒక్కో గుడ్డు తడిపి, దాని మీద ఓ కొత్తిమీర ఆకు పరిచి, పల్చటి మల్లు బట్టతో బిగించి దారంతో కట్టి, ఆ రంగునీళ్ళలో ముంచి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున బట్ట విప్పితే గుడ్డంతా ఇటుక ఎరుపు, నడుమ ఆకు ఉన్నచోట ఈనెలతో సహా తెల్లటి అచ్చు. పిల్లల చేత కట్టించాల్సిన పని ఇది, బట్ట వదులైతే మాత్రం అచ్చు అలుక్కుపోతుంది. పసుపు మరిగించిన నీళ్ళలో ముంచితే పచ్చన, బీట్‌రూట్‌కి లేత గులాబి.

ఉడికించేటప్పుడు బెంగళూరు ఎత్తు గుర్తుంచుకోవాలి. ఊరు సముద్రమట్టానికి తొమ్మిదివందల మీటర్ల పైన ఉంది, నీళ్ళు ఇక్కడ దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. గుంటూరులో పది నిమిషాలకు గట్టిపడే గుడ్డుకి ఇక్కడ పన్నెండు ఇవ్వండి. గిన్నెలో వండే అన్నానికీ ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. కుక్కర్‌లో మాత్రం తేడా పెద్దగా తెలియదు. ఒలిచే గుడ్లయితే వారం ముందు కొన్నవి మేలు, తాజా గుడ్డుకి పెంకుతోపాటు తెల్లసొన ఊడి వస్తుంది.

ఈస్టర్ ముందు గురు, శుక్రవారాలకు పెద్ద వంట లేదు. ఈ ఊరి అందం ఏమిటంటే, పక్కింటి మలయాళీలు పవిత్ర గురువారం నాడు పెసహా అప్పం (పులియబెట్టని రొట్టె) విరిచి పంచుకుంటారు, ఫ్రేజర్ టౌన్ వైపు బేకరీల్లో శుక్రవారానికి హాట్ క్రాస్ బన్నులు (పైన సిలువ గుర్తున్న తీపి బన్నులు) వస్తాయి, మంగళూరువాళ్ళు సన్నాలకి (ఇడ్లీలాంటివి) బియ్యం నానబెడుతుంటారు. బన్నులు పొద్దునే అయిపోతాయి, ముందురోజే చెప్పిపెట్టుకోండి. మార్జిపాన్ గుడ్లు (గింజల పొడి, చక్కెర ముద్దతో చేసే మిఠాయి) కావాలంటే వారం ముందు. ఆదివారానికి గట్టిపడిన బన్ను మీద నీళ్ళు చిలకరించి, పెనం మీద మూత పెట్టి సన్నటి సెగన మూడు నిమిషాలు ఉంచితే మళ్ళీ మెత్తబడుతుంది. ఆరాధన నుంచి రాగానే ఆ బన్ను, ఓ రంగు గుడ్డు, అరటిపండు, టీ. పొద్దుటి పలహారం అంతే ఉండాలి. అప్పుడే మాంసం మొదలుపెడితే మధ్యాహ్నం భోజనం మీద ఎవరికీ మనసుండదు.

తర్వాత రెండు గంటలు పడుకోండి. ఇది కూడా మెనూలో భాగమే.

పదిన్నరకి వంటింట్లోకి. పెద్ద బర్నర్ మీద కోడి వేపుడు: కిలోన్నర, రాత్రే 15 గ్రాముల ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించినది. మూకుడు నిండా కుప్ప పోస్తే వేగదు, ఉడుకుతుంది. రెండు విడతలుగా వేసి మూత లేకుండా నీరు ఇగిరాక, తీసిపెట్టిన మటన్ కొవ్వు, కరివేపాకు, ఎండుమిర్చి, దంచిన మిరియాలు. రెండో బర్నర్ మీద మటన్ వేడెక్కుతుంటుంది. అది నడుమ కూడా కుతకుతలాడాక గోంగూర సగం కలిపి అయిదు నిమిషాలు ఆగి రుచి చూడండి, పులుపుని బట్టి మిగతాది కలపండి. ఉప్పు ఆఖరున దిద్దండి. తూచి వేసిన నలభై గ్రాములు కావాలనే కాస్త తక్కువ, ఒకటి రెండు చిటికెలు పడుతుంది.

పులావ్‌కి కిలోన్నర బాస్మతి పదకొండింటికి నానెయ్యాలి, అరగంట చాలు. మూడు కొబ్బరికాయల మొదటి పాలు అర లీటరు పక్కన పెట్టి, రెండో, మూడో పాలకు నీళ్ళు కలిపి 2.2 లీటర్లు చేసుకోండి. పది లీటర్ల గిన్నెలో నెయ్యి, నూనె చెరో వంద మిల్లీలీటర్లు, మసాలా దినుసులు, అర కిలో ఉల్లి, పదిహేను పచ్చిమిర్చి, పుదీనా వేగాక పల్చటి పాలు, 45 గ్రాముల ఉప్పు. తెర్లాక వడకట్టిన బియ్యం. నీరు బియ్యం మట్టానికి దిగి పైన గుంటలు పడగానే చిక్కటి పాలు చుట్టూ పోసి, మూత బిగించి, గిన్నె కింద పెనం పెట్టి సన్నటి సెగన పన్నెండు నిమిషాలు, ఆపేసి ఇంకో పదిహేను. చిక్కటి పాలు మొదట్లోనే పోసి తెర్లిస్తే విరిగి నూనె విడిపోతుంది, అన్నం జిడ్డుగా వస్తుంది. పెనం లేకపోతే కొబ్బరి పాలలో ఉన్న తీపికి అడుగు అంటుతుంది. అంటిందన్న అనుమానం వస్తే కలపకండి, పైనుంచి పళ్ళెంతో ఎత్తి వేరే గిన్నెలోకి మార్చండి. జీరగ సాంబ అనే చిన్న గింజ బియ్యంతో చేసేవాళ్ళు ద్రవం ఇంకో 300 మిల్లీలీటర్లు పెంచుకోవాలి.

పులావ్ కుదురుకునే ఆ అరగంటలో చిన్న బర్నర్ మీద చారు, మటన్ దిగిన బర్నర్ మీద తెల్లన్నం. పెరుగు చట్నీలో ఉప్పు మాత్రం వడ్డించే ముందే వెయ్యాలి, లేకపోతే ఉల్లి నీరొదిలి పల్చబడుతుంది.

కృష్ణా, గుంటూరు వైపు ఇళ్ళకు గారెలు లేనిదే కోడికూర పండగ కాదు. చెయ్యండి, కానీ పొయ్యి దగ్గర రెండో మనిషి ఉంటేనే. అర కిలో మినప్పప్పు శనివారం నాలుగు గంటలు నానబెట్టి, నీళ్ళు చిలకరిస్తూ గట్టిగా రుబ్బి, ఉప్పు వెయ్యకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. ఉప్పు ముందే పడితే పిండి జారిపోయి నూనె పీలుస్తుంది. చిటికెడు పిండి నీళ్ళలో వేస్తే తేలాలి. పదకొండుకి ముందు లేతగా వేయించి పెట్టుకుని, విస్తళ్ళు వేశాక రెండోసారి నూనెలో వేస్తే అందరితోపాటు వండినవాళ్ళూ కూర్చుని వేడివేడిగా తినొచ్చు.

మాంసం తినని పొరుగువాళ్ళకు పులావ్, గుత్తి వంకాయ, పాయసం ముందుగానే వేరే డబ్బాల్లోకి తీసేయండి, మటన్ గంటె ఇంకా ఏ గిన్నెలోనూ పడకముందే. గుత్తి వంకాయ శనివారమే వండితే మసాలా బాగా పడుతుంది. డబ్బా ఇచ్చేటప్పుడు ఇందులో మాంసం కలవలేదు, గంటె కూడా వేరే అని నోటితో చెప్పండి. అడగడానికి మొహమాటపడి తినకుండా ఉండిపోయేవాళ్ళు ఉంటారు.

మిగిలిన రంగు గుడ్లు రెండు గంటలకు మించి బల్ల మీద ఉండకూడదు. ఫ్రిజ్‌లో పెట్టినవి సోమవారం ఒలిచి, గాట్లు పెట్టి, పచ్చి మామిడికాయతో పులుసు పెట్టండి. పగుళ్ళున్న గుడ్లకు లోపల తెల్లసొన మీద కూడా సన్నటి ఎర్ర గీతలు ఉంటాయి. అది ఉల్లిపొట్టు రంగే, నిశ్చింతగా తినొచ్చు.